మిగిలిపోయిన క్విల్ట్ బ్లాకులు 23 ఉన్నాయి, వీటిని ఏం చేసుకోవాలి?

సూదిదారం_ఒహాయో:

నమస్తే అందరికీ. ఇన్నాళ్ళూ చదువుకుని వెళ్ళిపోవడమే, రాయడం ఇదే మొదటిసారి. మేం ఒహాయోలో ఉంటాం, ఆరేళ్ళ కిందట ఇక్కడి లైబ్రరీలో క్విల్టింగ్ క్లాసు ఫ్రీ అంటే చలికాలం పొద్దుపోక వెళ్ళి కూర్చున్నా, అంతే, ఇంక వదల్లేదు. ఇప్పుడు సమస్య ఏంటంటే క్విల్టులు ఐదు పూర్తిచేశా కానీ ప్రతి దాంట్లోనూ నాలుగైదు బ్లాకులు మిగిలాయి, ఒకటేమో రంగు నప్పలేదని పక్కన పెట్టా, ఒకటేమో కొలత తప్పింది, కొన్ని నేర్చుకోవడానికి కుట్టినవి, అన్నీ ఒక ప్లాస్టిక్ డబ్బాలో పడేస్తూ వచ్చా. మొన్న ఆదివారం లెక్కపెడితే 23 తేలాయి.

క్విల్టింగ్ తెలియని వాళ్ళ కోసం ఒక ముక్క: బ్లాకు అంటే చిన్న చిన్న గుడ్డముక్కలు ఒక డిజైన్ ప్రకారం అతికి చేసిన చదరం, అలాంటివి ఇరవయ్యో ముప్పయ్యో కలిపితే క్విల్టు పైభాగం, దాని కింద దూది పొర, అడుగున ఇంకో గుడ్డ.

నా దగ్గర ఉన్నవి: 12½ అంగుళాలవి 9 (చుక్కలు, లాగ్ క్యాబిన్, చర్న్ డాష్ అనే డిజైన్లు, ఒకదానికొకటి పొంతన లేదు), తొమ్మిది గళ్ళ నైన్ ప్యాచ్‌లు 5, చిన్నవి 6½ అంగుళాలవి 6, చివరగా పాడైపోయినవి 3. ఆ మూడిట్లో ఒకటైతే ఒక పక్క 12, ఇంకో పక్క 12¾, మధ్యలో పూరీలా పొంగింది, ఎంత ఇస్త్రీ చేసినా అణగదు.

ఇక్కడి గిల్డులో, అంటే క్విల్టులు కుట్టేవాళ్ళ సంఘంలో, ఆడవాళ్ళు వీటిని ఆర్ఫన్ బ్లాక్స్ అంటారు. మా అమ్మ ఇప్పుడు ఇక్కడే ఉంది, ఆ మాటకి అర్థం చెప్తే "గుడ్డముక్కకి అనాథ ఏంటే, మీ నాయనమ్మ అయితే ఈపాటికి రెండు బొంతలు కుట్టి మూడోది మొదలుపెట్టేది" అని నవ్వింది. అమ్మ మాటకేం గానీ ఇంకో పెద్ద క్విల్టు కుట్టే ఓపిక నాకు లేదు. మామూలు ఇంటి మెషినే ఉంది. చిన్న చిన్నవి, ఒక్క రోజులో అయ్యేవి, ఎవరికైనా ఇచ్చుకోగలిగేవి ఉంటే చెప్పండి. ఒక నాలుగు బ్లాకుల్లో అమ్మ పాత ఎర్ర వెంకటగిరి చీర ముక్కలున్నాయి, రంగు దిగుతుందేమో అని భయం కూడా ఉంది.

గోదారి_గట్టు:

అమ్మాయ్, ముందు 23 నీ మంచం మీద పరిచి, ఏది ఎందుకు మిగిలిందో చూసుకో. అన్నీ ఒకేలా మిగల్లేదు కదా. రంగు నప్పక మిగిలింది ఒంటరిగా పెడితే బ్రహ్మాండంగా ఉంటుంది, అది పక్కవాటితో పడలేదంతే. కొలత తప్పింది మాత్రం ఒంటరిగా పెట్టినా తప్పే, దాన్ని కొయ్యాల్సిందే. నేను రాజమండ్రిలో 11 ఏళ్ళుగా ఇంట్లోనే కుట్టి ఇస్తున్నా, మాకు బ్లాకులు అని పేరు లేదు కానీ జాకెట్ ముక్కలతో ఇదే పని.

12½ వాటికి అన్నిటికంటే తేలిక కుషన్ కవర్. చుట్టూ 2½ అంగుళాల పట్టీ వేయి, ముందు రెండు పక్కలా 12½ పొడుగు పట్టీలు, తర్వాత పైనా కిందా 16½ పొడుగువి, పావు అంగుళం కుట్టు పోను మొత్తం 16½ వస్తుంది, కుట్టాక 16 అంగుళాల కవర్. వెనకాల జిప్పు పెట్టే కష్టం వద్దు, 16½ బై 12 ముక్కలు రెండు తీసుకుని ఒక్కోదానికి ఒక అంచు అంగుళం మడిచి కుట్టి, ఒకదాని మీద ఒకటి పడేలా పెడితే 5 అంగుళాల పైనే కప్పుకుంటుంది, దిండు జారదు. లోపల దిండు 16 కాకుండా 18ది పెట్టు, బొద్దుగా ఉంటుంది, 16ది పెడితే మూలలు వాలిపోయి నీరసంగా కనపడుతుంది. పట్టీకి మాత్రం బ్లాకులో ఉన్న రంగే వెతకొద్దు, మంగళగిరి ప్లెయిన్ గుడ్డ ఏదైనా ముదురు రంగు వేసి చూడు.

6½ వాటికి నేనైతే రెండో ఆలోచన లేకుండా తాంబూలం సంచులు అంటాను. ముందు బ్లాకు, వెనక ప్లెయిన్ గుడ్డ, పైన 2½ అంగుళాల పట్టీలో దోరీ. రెండు తమలపాకులు, వక్క, పసుపు కుంకుమ పొట్లాలు, ఒక పండు, సరిగ్గా పడతాయి. శ్రావణమాసం వస్తే అక్కడ కూడా పేరంటాలు ఉంటాయిగా, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చేకన్నా నయం. జాకెట్ ముక్కలు అయితే ఇంటింటికీ తిరిగి మళ్ళీ మన దగ్గరికే వస్తాయి, ఈ సంచి ఎవరూ మళ్ళీ ఇవ్వరు, ఉంచుకుంటారు.

కొత్త_కుట్టు:

జాకెట్ ముక్కలు మళ్ళీ మన దగ్గరికే వస్తాయి 😂😂 నేను పెట్టిన ముక్కే రెండేళ్ళ తర్వాత నాకే వచ్చింది, మడత కూడా విప్పలేదు

గుంటూరు_టైలర్:

మేడం గారూ నేను టైలర్‌ని, క్విల్టులు కుట్టను కానీ సంచులు రోజూ కుడతా. మీ 12½ బ్లాకులు రెండు తీసుకుంటే ఒక మంచి చేతి సంచి, ముందొకటి వెనకొకటి. కాకపోతే చాలామంది చేసే తప్పు ఏంటంటే బ్లాకుని అలాగే సంచి చేసేస్తారు, బ్లాకులో ఎన్ని అతుకులుంటే అన్ని చోట్ల బలహీనం, రెండు కిలోల ఉల్లిపాయలు వేస్తే అతుకు దగ్గర విచ్చుకుంటుంది. అందుకని బ్లాకు వెనక ఇస్త్రీతో అతుక్కునే ఫ్యూజింగ్ వేయండి, లేదా పల్చటి కాన్వాస్ గుడ్డ వేసి మీరు క్విల్టు మీద వేసే కుట్టే దాని మీద వేయండి, అప్పుడు లోడు మొత్తం కాన్వాస్ మీద పడుతుంది, బ్లాకు మీద పడదు. పైన 3½ పట్టీ వేస్తే లోతు బాగుంటుంది. అడుగు మూలలు 2 అంగుళాలు అడ్డంగా కుట్టి కోసేస్తే సంచి నిలబడుద్ది. లైనింగ్ మర్చిపోవద్దు, లేకపోతే లోపల కుట్ల అంచులు పోగులు పోగులు ఊడి తాళాలకి చుట్టుకుంటాయి.

బెల్టుకి 4 అంగుళాల పట్టీ నాలుగు మడతలు పెట్టి అంగుళం చేయండి. సూది 14 నెంబర్ లేదా 16 పెట్టండి, మందంగా ఉన్నచోట 11 సూది టప్పున విరుగుతుంది, మా షాపులో కొత్త పిల్లలు నెలకి ఎన్ని సూదులు విరగ్గొడతారో నాకే తెలుసు.

ఓరుగల్లు_పిల్ల:

అక్కా, మీ అమ్మ అన్నది కరెక్టే అనిపిస్తుంది నాకైతే. మా నాయనమ్మ గంతల బొంత కుట్టేది, ఎండాకాలం పగటిపూట వాకిట్ల చాప ఏసుకొని పాత నూలు చీరలు నాలుగు పొరలు పరిచి, పైన చినిగిపోని ముక్కలన్నీ ఏసి, పెద్ద సూదితోటి ఈ చివర నుంచి ఆ చివరకి కుట్టుకుంట పోయేది. టేపు లేదు, స్కేలు లేదు. ముక్క పెద్దగున్నదా, మడిచింది. చిన్నగున్నదా, పక్కన ఇంకోటి ఏసింది. మా ఇంట్ల ఎవరికి పిల్లలు పుట్టినా పొత్తిగుడ్డలు, చిన్న బొంతలు ఆమెవే. నేను పడుకున్న బొంత ఇప్పుడు మా అక్క బిడ్డ కింద ఉన్నది, ఉతికి ఉతికి సిల్కు లెక్క మెత్తగైంది.

నేను బెంగళూర్ల ఉంటా, ఇక్కడ ఒక ఎగ్జిబిషన్‌ల సిద్ది ఆడోళ్ళు కుట్టిన కవుదీలు, అంటే వాళ్ళ బొంతలు, చూసిన. ఉత్తర కన్నడ జిల్లాల, ఎల్లాపూర్ హళియాళ్ దిక్కు ఉండే సిద్దిలు, వాళ్ళ పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినోళ్ళు. వాళ్ళు కుట్టే పద్ధతి మన బొంతకి ఉల్టా, అంచుల నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుక్కుంట నడుమకి వస్తరు, కింద ఒక పాత చీర, దాని మీద ముక్క అంచు మడుచుకుంట కుట్టుకుంటనే పోతరు, కుట్టు కుట్టేటప్పుడే అతుకుడు, పొరలు కలుపుడు రెండూ అయిపోతయి. నాలుగు మూలలకి మడత పెట్టిన చిన్న గుడ్డ ముక్కలు పెడతరు, ఫూల అంటరు వాటిని, పువ్వు అన్నట్టు.

నేను చెప్పేది ఏందంటే మీ పాడైపోయిన మూడు బ్లాకులు గిట్లనే వాడున్రి. బ్లాకు నడుమ పెట్టి, సుట్టూ మిగిలిన ముక్కలు మడుచుకుంట చేతితోటి కుట్టున్రి. పొంగినకాడ కుట్లు దగ్గర దగ్గర ఏస్తే ఆ పొంగు ముడతల్ల కలిసిపోతది, బొంతకి ముడతలే అందం. మెషిన్ మీదనే ఆ పొంగు కొట్టొచ్చినట్టు కనిపిస్తది. చిన్నపిల్లల ఉయ్యాలకి సరిపోను సైజుల అయితే మీ అమ్మ వారం రోజులల్ల కుట్టేస్తది, చేతులు ఖాళీగ ఉంచుకునే మనిషి లెక్క లేదు.

టెక్సాస్_తెలుగమ్మాయి:

ఓరుగల్లు_పిల్ల గారు చెప్పింది చదువుతుంటే జీస్ బెండ్ గుర్తొచ్చింది. అలబామాలో ఒక నది వంపులో ఉన్న చిన్న ఊరు, అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు తరాలుగా పాత పని బట్టలు, మోకాళ్ళ దగ్గర చిరిగిన జీన్సు పాంట్లు కోసి క్విల్టులు కుట్టారు, చలికి కప్పుకోవడానికే, గోడకి తగిలించడానికి కాదు. గీతలు వంకర, చదరాలు వంకర, కానీ 2002లో అవే హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శనకి పెట్టారు, 2006లో వాటి మీద అమెరికా పోస్టల్ స్టాంపులు కూడా వచ్చాయి. మన గిల్డుల్లో పావు అంగుళం తప్పితే ఏడుస్తాం మళ్ళీ.

అయినా సరే, నేను కొలతల పార్టీనే 🙂 ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా, బ్లాకుని బ్లాకులా చూడటం మానేసి గుడ్డలా చూడండి. కుట్టడానికి రెండు గంటలు పట్టింది కాబట్టి కోయడానికి చెయ్యి రాదు, నాకూ అంతే, మూడేళ్ళు దాచా. ఆ రెండు గంటలు ఎప్పుడో అయిపోయాయి, డబ్బాలో పెట్టినా తిరిగి రావు కదా. మీ నైన్ ప్యాచ్‌లు 4½ ముక్కలతో కుట్టినవైతే 12½ వచ్చి ఉంటాయి. దాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి సరిగ్గా సగానికి, అంటే 6¼ దగ్గర కోసేయండి, నాలుగు ముక్కలు వస్తాయి. ఐమూలగా ఎదురెదురుగా ఉన్న రెండిట్ని సగం తిప్పి మళ్ళీ కుట్టండి. దీన్ని డిసపియరింగ్ నైన్ ప్యాచ్ అంటారు, చూసినవాళ్ళకి ఇది తొమ్మిది గళ్ళు అంటే నమ్మరు. మధ్య గడి ముదురు రంగైతే ఇంకా బాగా తేలుతుంది. కుట్టాక 12 అంగుళాలకి తగ్గుతుంది, అది ముందే చూసుకోండి, మిగతా 12½ వాటి పక్కన పెట్టేటప్పుడు తేడా వస్తుంది.

పొంగిన బ్లాకుని కూడా అలాగే నాలుగు చేసి ఒక్కోటీ 5½కి ట్రిమ్ చేయండి. పొంగు మధ్యలో ఉంటుంది కాబట్టి నాలుగుగా కోసేసరికి దాదాపు పోతుంది. కోసే ముందు గంజి పెట్టి ఇస్త్రీ చేయండి, మన బియ్యం గంజే పల్చగా, ఎందుకంటే త్రిభుజాలున్న బ్లాకుల్లో ఐమూల కోత అంచు సాగుతుంది, అసలు పొంగడానికి కారణం కూడా చాలాసార్లు అదే.

ఇంకోటి, మళ్ళీ ఎప్పుడైనా పెద్ద క్విల్టు కుడితే దాని వెనక వైపు వాడండి. గుడ్డ పన్నా ఎలాగూ 44 అంగుళాలే, వెనక అతుకు తప్పదు, ఆ అతుకు మధ్యలో బ్లాకులు వరుసగా పెడితే అటూ ఇటూ ప్లెయిన్ గుడ్డ కలిసిపోతుంది. ఒక బ్లాకు మీద పేరు, తేదీ రాసి మూలన పెడితే లేబుల్ కూడా అదే.

సూదిదారం_ఒహాయో:

అబ్బ ఇన్ని వస్తాయనుకోలేదు, థాంక్యూ అందరికీ. గుంటూరు గారూ సూది నెంబర్ సంగతి నిజంగా తెలీదు, నేను అన్నిటికీ ఒకటే సూది వాడుతున్నా, మీరు తిట్టకండి.

అమ్మకి ఓరుగల్లు_పిల్ల గారి పోస్టు చదివి వినిపించా, ఏం మాట్లాడకుండా వెళ్ళి డబ్బాలోంచి ఆ పూరీ బ్లాకు తీసి తన సంచిలో పెట్టుకుంది.

రెండు డౌట్లు. ఒకటి, వేడి గిన్నెలు పట్టుకునే పాట్ హోల్డర్లు చేద్దామని ఉంది, నా దగ్గర పాలిస్టర్ బ్యాటింగ్ (క్విల్టు మధ్యలో దూదిలా వేసే పొర) బోలెడంత మిగిలింది, అది వాడొచ్చా? రెండు, ఆ ఎర్ర చీర ముక్కల రంగు సంగతి ఎవరూ చెప్పలేదు. ఒకసారి అన్నీ వాషింగ్ మెషిన్లో వేసేస్తే తేలిపోతుంది కదా?

టెక్సాస్_తెలుగమ్మాయి:

రెండిటికీ వద్దు!! పాలిస్టర్ వేడికి కరుగుతుంది, వేడి మూకుడు పట్టుకుంటే చేతికి అంటుకుంటుంది. కాటన్ బ్యాటింగ్ రెండు పొరలు వేయండి. వేడి తగలకుండా మెరిసే రేకులాంటి పొర ఉన్న బ్యాటింగ్ విడిగా దొరుకుతుంది, అది ఇంకా మంచిది కానీ అది పెట్టినవి మైక్రోవేవ్‌లో పెట్టకూడదు. జరీ ఉన్న ముక్కలు కూడా పాట్ హోల్డర్‌కి వద్దు.

విడి బ్లాకులు మెషిన్లో వేస్తే పావు అంగుళం అంచులన్నీ పోగులు ఊడి, అన్నీ జడలు కట్టి ఒక ముద్ద బయటికి వస్తుంది. నేను వేశా. ఫోటో ఉంది కానీ పెట్టను.

గోదారి_గట్టు:

రంగుకి నేను చేసేది చెప్తా. తెల్ల నూలు గుడ్డ తడిపి పిండి, ఆ ఎర్ర ముక్క మీద పరిచి వేడి ఇస్త్రీ పెట్టె ఒక నిమిషం ఆనించు, లాగకు. తెల్లగుడ్డకి గులాబీ రంగు అంటితే ఆ బ్లాకు ఉతికే వస్తువుకి పనికిరాదు. అలాంటివి ఉతకక్కర్లేని చోట వాడుకో, ఫ్రేము కట్టించుకో, లేదా సంక్రాంతికి బొమ్మల కొలువు పెడితే మెట్ల మీద పరుచుకో, మూడు బ్లాకులు వరుసగా కుడితే ఒక మెట్టుకి మధ్యలో అందంగా వస్తుంది. దేవుడి పీట మీద పరవడానికి కూడా 12 అంగుళాలు సరిపోతుంది కానీ అక్కడ నీళ్ళు, పసుపు పడతాయి, రంగు దిగేది పెట్టకు.

కొత్త_కుట్టు:

నాకో ఐడియా వచ్చింది చెప్పనా. మిగిలిన బ్లాకులన్నీ కోసి 2½ అంగుళాల ముక్కలు 25 తీసి, ఐదు వరుసలు ఐదు గళ్ళు కుడితే అష్టాచెమ్మా పట అయిపోతుంది, కుట్టాక 10½ వస్తుంది. నాలుగు వైపులా మధ్య గడి, నట్టనడుమ గడి, ఆ ఐదిట్లో ఇంటూ మార్కు దారంతో కుట్టేయడమే. మా అమ్మమ్మ ఊళ్ళో అరుగు మీద సుద్దతో గీసుకునేవాళ్ళం. గవ్వలు లేకపోతే చింతపిక్కలు సగానికి అరగదీసి వేసుకోవచ్చు. మడిచి సంచిలో పెట్టుకుంటే ట్రైన్లో కూడా ఆడుకోవచ్చు. నాకైతే మెషిన్ తొక్కడమే సరిగ్గా రాదు, మీరెవరైనా కుట్టి చూపించండి

ఓరుగల్లు_పిల్ల:

ఇది సూపర్ ఉన్నది. గవ్వలు నేను పంపిస్తా 🙂

సూదిదారం_ఒహాయో:

మూడు వారాల తర్వాత అప్‌డేట్. తెల్లగుడ్డ పరీక్షలో నాలుగు ఎర్రవాటిలో రెండు ఫెయిల్, అవి కొలువు కోసం పక్కన పెట్టా. 6½ అంగుళాలవి ఆరూ తాంబూలం సంచులయ్యాయి, రెండు పెద్దవి పోయి ఒక చేతి సంచి అయింది, పూరీ బ్లాకుని అమ్మ మొత్తం చేతితోనే కుట్టి మిక్సీ మీద కప్పే కవరు చేసింది. ఉయ్యాల బొంత అంటే "ఎవరికే, ముందు నువ్వు సంగతి చెప్పు" అంది, నేను టాపిక్ మార్చేశా. నైన్ ప్యాచ్ ఒకటి కోశా, కోసేటప్పుడు నిజంగా చెయ్యి వణికింది, తిప్పి పెట్టాక మాత్రం మా ఆయన "ఇది కొత్తది కొన్నావా" అన్నాడు. అష్టాచెమ్మా ఇంకా మొదలుపెట్టలేదు. అంటే 23లో 9 అయిపోయాయి, ఒకటి సగంలో ఉంది, కానీ కోతల ముక్కలు మాత్రం ఇంకో చిన్న డబ్బా నిండాయి, అది అమ్మకి చూపించలేదు.

గుంటూరు గారూ, మీరు చెప్పినట్టే కాన్వాస్ వేశా, సంచి నిలబడింది, 16 సూది ఒక్కటి కూడా విరగలేదు. కానీ రెండు గాలన్ల పాలు పెట్టేసరికి బెల్టు ఒక పక్క కుట్టు ఊడుతోంది. ఏం తప్పు చేశాను?

గుంటూరు_టైలర్:

బెల్టు అంచు పైన పట్టీలోకి ఎంత దూర్చారు మేడం? అర అంగుళం అయితే ఊడుతుంది. విప్పి ఒకటిన్నర అంగుళం లోపలికి పెట్టి, చుట్టూ చదరంగా కుట్టి, ఆ చదరంలో ఇంటూ కుట్టు వేయండి, రెండు సార్లు. మొదట్లో చివర్లో రివర్స్ తప్పనిసరి. అయినా రెండు గాలన్లు అంటే ఏడెనిమిది కిలోలు మేడం, అది పాల సంచి కాదు కదా, ఒకటి చేత్తో పట్టుకోండి.